పిలిచే మనిషి ఉంటేనే గ్రూప్ ఫోటో

(ఆగస్టు 19, ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం నాడు తణుకులోని ఒక కళ్యాణ మండపంలో ఫోటోగ్రాఫర్లు, త్వరలో ఇంట్లో పెళ్ళి పెట్టుకున్న కుటుంబాల వాళ్ళు కలిసి కూర్చున్న సభలో ఒక సీనియర్ ఫోటోగ్రాఫర్ చేసిన ప్రసంగం. మాటలు ఆయనవే, చెప్పిందే చెప్పినచోట మాత్రం కుదించాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా? సరే.

ఇవాళ ఫోటోగ్రఫీ రోజు కదా, కొత్త కెమెరాల గురించి ఏదో చెప్తానని మన కుర్రాళ్ళు అనుకుంటున్నారు. డాగెర్ అనే ఫ్రెంచాయన కనిపెట్టిన ఫోటో పద్ధతిని 1839 ఆగస్టు 19న ఫ్రాన్స్ ప్రభుత్వం లోకానికంతటికీ వెల్లడి చేసింది, అందుకే ఈ తారీఖు. ఆ కథ అంతటితో ఆపుతాను. నేను మాట్లాడదామనుకున్నది ఒక ఫోన్ కాల్ గురించి.

పెళ్ళయిపోతుంది. వ్రతం అయిపోతుంది, పదహారు రోజుల పండగ కూడా అయిపోతుంది. పెళ్ళివారు ఆల్బమ్‌లోకి ఫోటోలు ఎంచుకోవడానికి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్తారు. రెండో రోజో మూడో రోజో ఫోన్ వస్తుంది. "ఫోటోలు బ్రహ్మాండంగా ఉన్నాయండీ, కానీ..." ఆ 'కానీ' తర్వాత ఏముంటుందో ఇక్కడున్న ఫోటోగ్రాఫర్లందరికీ తెలుసు. రంగులు బాలేదనరు. లైటింగ్ గురించి అడగరు. "మా చిన్నత్తయ్యగారి వాళ్ళ ఫ్యామిలీ ఫోటో కనపడటం లేదండీ. ఇంకో మెమరీ కార్డులో ఏమన్నా ఉందేమో చూస్తారా?"

ఇంకో కార్డులో ఉండదు. మనకీ తెలుసు, వాళ్ళకీ లోపల తెలుసు. అయినా "చూసి చెప్తానండీ" అంటాం.

ముప్పై ఏళ్ళ నుంచి ఈ పని చేస్తున్నాను. నా మొదటి కెమెరా యాషికా, రీలుకి 12 బొమ్మలు. తర్వాత 36 బొమ్మల రీళ్ళొచ్చాయి. పెళ్ళికి ఐదు రీళ్ళు అని మాట్లాడుకునేవాళ్ళం, అంటే 180 ఫోటోలు. ఒక్కటి ఎక్కువ తీసినా డబ్బు ఎవరిస్తారని గొడవ. ఆ 180లో ఇంటి వాళ్ళందరూ ఉండేవాళ్ళు. ఇప్పుడు ఒక్క పెళ్ళికి మూడు వేలు, నాలుగు వేలు తీస్తున్నాం. పెళ్ళికూతురి చెవి దుద్దులకే నలభై. చిన్నత్తయ్యగారు మాత్రం లేరు.

అప్పట్లో ప్రతి బొమ్మకీ ఖరీదుండేది కాబట్టి ముందే లెక్కేసేవాళ్ళు. పెద్దాయన ఒకాయన కాగితం మీద రాసిచ్చేవాడు: "మేనమామలు 1, పెదనాన్న వాళ్ళు 1, వియ్యాలవారు 2." ఆ కాగితం పోయింది. నేనడిగేది ఆ కాగితం మళ్ళీ కావాలని.

అసలు నాకు ఈ బుద్ధి ఎలా వచ్చిందో చెప్పాలి. నా తప్పే. పాలకొల్లు వైపు ఒక పెళ్ళి, పదిహేనేళ్ళ పైమాట. మంచి కుటుంబం, చక్కగా చూసుకున్నారు. ఆల్బమ్ ఇచ్చాక ఒకావిడ మా స్టూడియోకి వచ్చారు. పెళ్ళికూతురికి పిన్ని, అంటే బాబాయి భార్య. కూర్చోమంటే కూర్చోలేదు. ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా నా ముందే తిప్పారు. తిప్పి, "ఇది చూసినవాళ్ళు మా ఆయన పెళ్ళికి రాలేదనుకుంటారండీ" అన్నారు.

ఆయన రాకపోవడమేమిటి! మూడు రోజులు నిద్రపోకుండా పెళ్ళి నడిపింది ఆయనే. ఆవిడ వెళ్ళాక ఆ రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని మొత్తం పదహారు వందల ఫోటోలు ఒక్కొక్కటే చూశాను. మూడిట్లో దొరికాడు. ఒకదాంట్లో భోజనం చేస్తున్న అతిథుల వెనక పప్పు బకెట్ పట్టుకున్న చెయ్యి. గడియారం చూసి ఆ చెయ్యి ఆయనదని గుర్తుపట్టాను. ఇంకోదాంట్లో వెనక నుంచి వీపు, భుజం మీద తువాలు, వంటవాళ్ళతో ఏదో మాట్లాడుతున్నాడు. మూడోదాంట్లో జనరేటర్ పక్కన సగం మొహం. ఆ సగం మొహాన్నే కోసి పెద్దది చేసి చూశాను, గింజలు గింజలుగా వచ్చింది. పెళ్ళి అప్పులో సగం కూడా ఆయనే తెచ్చిపెట్టాడని తర్వాత ఎవరో చెప్పారు.

సంక్రాంతికి పిల్ల, అల్లుడు వచ్చారని తెలిసి కెమెరా తీసుకుని వాళ్ళింటికెళ్ళాను. అరుగు మీద వాళ్ళిద్దరినీ ఆ బాబాయినీ కూర్చోబెట్టి తీశాను. ఆయన పంచె కట్టుకుని, భుజం మీద అదే తువాలు వేసుకుని కూర్చున్నాడు. తీసేయమంటే తీయలేదు, "ఇది లేకపోతే నన్నెవరూ గుర్తుపట్టరండీ" అన్నాడు. ఆ ఫోటో ఆల్బమ్ చివరి పేజీలో అతికించుకున్నారు. పెళ్ళికూతురు వేరే చీరలో ఉంది. ఆల్బమ్ చూసిన ప్రతివాళ్ళూ ఇదేమిటి ఇక్కడ అని అడిగి ఉంటారు. డబ్బు తీసుకోలేదు. తీసుకోకపోతే సరిపోయే తప్పు కాదు.

అప్పటి నుంచి పెళ్ళివారితో మాట్లాడేటప్పుడు నా మొదటి ప్రశ్న మారింది. ఎన్ని షీట్ల ఆల్బమ్, డ్రోన్ కావాలా, ఇవన్నీ తర్వాత. "భోజనాల దగ్గర ఎవరుంటారండీ? చదివింపులు రాసేది ఎవరు? విడిదింట్లో మగపెళ్ళివారిని చూసుకునేది ఎవరు?" ఈ పేర్లు ముందు రాసుకుంటాను. పని చేసేవాళ్ళు ఫోటోలో ఉండరు. ఖాళీగా ఉన్నవాళ్ళు పది ఫోటోల్లో ఉంటారు. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ మీ ఇంట్లో ఆల్బమ్ తీసి చూసుకోండి.

మన హైదరాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ అని గొప్ప ఫోటోగ్రాఫర్, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో ఉన్నాడు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. ఆయన తీసిన కోటలు, వేటలు అందరూ చెప్తారు. నాకు నచ్చేది ఇంకోటి. 1892లో ఆడవాళ్ళ కోసమే ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, తీయడానికి ఒక ఇంగ్లీషు ఆవిడను పెట్టాడు. పరదా పాటించే ఆడవాళ్ళు మగవాడి కెమెరా ముందుకి రారు. రానివాళ్ళు ఎవరని ఆలోచించి, వాళ్ళు వచ్చేలా ఏర్పాటు చేశాడు. మన పనిలో నాకు కనపడే గొప్పతనం అదే. లెన్సుదేముందండీ, కొనుక్కుంటే వస్తుంది.

సరే, కాగితం దగ్గరికి వద్దాం. పెళ్ళికి వారం పది రోజుల ముందు రాయాలి. ఎవరు రాయాలి? పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ మాత్రం కాదు. వాళ్ళకి ఫ్రెండ్స్ గుర్తుంటారు, ఆఫీసువాళ్ళు గుర్తుంటారు. నాన్నగారి మేనత్త కొడుకు గుర్తుండడు. ఆయన మాత్రం విశాఖపట్నం నుంచి రాత్రి బస్సెక్కి వస్తాడు. అమ్మమ్మనో పెద్దమ్మనో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, "అమ్మ వైపు మొదలుపెట్టండి" అనండి. ఆవిడ వేళ్ళు మడుస్తూ చెప్తుంది, మీరు రాసుకోండి. ఎవరికెవరు ఏమవుతారో అంతా ఆవిడ దగ్గరుంటుంది. కాసేపటికి పాత గొడవలు కూడా బయటికొస్తాయి. అవి కూడా రాసుకోండి, పని ఉంది వాటితో, చెప్తాను.

రాశాక లెక్క చూసుకోండి. నా అనుభవంలో ఐదారుగురు ఉన్న గ్రూప్‌కి రెండు నిమిషాలు పడుతుంది. పదిమంది దాటితే నాలుగు. అది కూడా మనుషులు స్టేజీ దగ్గర సిద్ధంగా ఉంటే. పాతిక గ్రూపులు రాస్తే గంట పైమాటే. మీ దగ్గర గంట ఉందా? లేకపోతే కలపండి. నలుగురు మేనమామల కుటుంబాలకి నాలుగు ఫోటోలు కాకుండా, నలుగురినీ కలిపి ఒక పెద్దది తీయించుకోండి. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ పెద్దదే చూసుకుంటారు.

ఇక అసలు సంగతి. కాగితం ఎంత బాగా రాసినా, పిలిచే మనిషి లేకపోతే అది చిత్తుకాగితమే. నేను స్టేజీ మీద కెమెరా పట్టుకుని "మేనత్తగారి వాళ్ళు ఎవరండీ?" అని అరిస్తే ఎవరు వస్తారు? నాకు వాళ్ళ మొహం తెలియదు, వాళ్ళకి నేనెవరో తెలియదు. పైగా మనవాళ్ళకి ఒక అలవాటుంది. ఫోటోకి ఒక్కసారి పిలిస్తే ఎవరూ రారు. "మీరు దిగండి, మేం తర్వాత దిగుతాంలే" అంటారు. రెండోసారి పిలిస్తే చీర సర్దుకుంటారు. మూడోసారి చెయ్యి పట్టుకుని లాగితే అప్పుడొస్తారు. బొట్టు పెట్టి పిలిచినట్టు పిలవాలి. అది మైకు చేసే పని కాదు.

కాబట్టి ఆడపెళ్ళివారి వైపు ఒకరు, మగపెళ్ళివారి వైపు ఒకరు. ఇద్దరి దగ్గరా కాగితం ఉండాలి. పెళ్ళికూతురి అన్నయ్య పనికిరాడు, అతనికి వంద పనులు. తండ్రి అసలే వద్దు. ఇంటి అల్లుడు కూడా వద్దండీ. ఎందుకంటే అల్లుడుగారిని ముందు మనం పిలవాలి, ఆయన ఎవరినీ పిలవకూడదు! (నవ్వులు) డిగ్రీ చదివే ఆడపిల్లలు ఈ పనికి బాగా కుదురుతారు. పెళ్ళికూతురి పిన్ని కూతురో, మేనమామ కూతురో. గొంతుంటుంది, మొహమాటం ఉండదు, "తాతయ్యా లే, ఫోటో" అంటే తాతయ్య లేస్తాడు. అదే నేనంటే "చూద్దాంలే బాబూ" అంటాడు.

ఆ అమ్మాయికి ఒక్క సూత్రం చెప్పండి. ఒక గ్రూప్ దిగుతుండగానే తర్వాతి గ్రూప్ మెట్ల దగ్గర నిలబడి ఉండాలి. అంతే. పిలిచే అమ్మాయి మంచిదైతే పాతిక గ్రూపులు యాభై నిమిషాల్లో తీసిన రోజులున్నాయి నాకు. అది నా ప్రతిభ కాదు, ఆ అమ్మాయిది.

వరస ఎలా? ముసలివాళ్ళు, చంటిపిల్లలు మొదట. తాతయ్య మోకాళ్ళు ఆగవు, చంటిది నిద్రకి ఏడుస్తుంది. వాళ్ళని తీసి పంపించాక పెద్ద గ్రూప్ తీయండి, నాన్న వైపు అందరూ, పాతికమంది అనుకోండి. అందులోంచి మనుషుల్ని దించుకుంటూ రండి. "బాబాయి వాళ్ళు ఉండండి, మిగతావాళ్ళు కిందికి." "ఇప్పుడు పెదనాన్న వాళ్ళు." ఎక్కించడం కంటే దించడం తేలిక. స్టేజీ మీద ఉన్నవాళ్ళు మీ చేతిలో ఉన్నవాళ్ళు. దిగి భోజనాల వైపు వెళ్ళినవాళ్ళు ఇక రారు.

అత్తింటివారి గురించి ఒక మాట. మగపెళ్ళివారిని ఎప్పుడు పిలవాలనేది పెద్దలతో మాట్లాడుకుని పెట్టుకోండి. వియ్యపురాలు గారిని మెట్ల దగ్గర పావుగంట నిలబెట్టిన పెళ్ళి ఒకటి నాకు తెలుసు. ఆ పావుగంట గురించి ఆ కోడలు ఎన్నేళ్ళు వినుంటుందో!

ఇంతకీ ఎప్పుడు తీయాలి? మన కోస్తాలో ముహూర్తాలు చాలావరకు రాత్రిపూట. ఒంటిగంటకో రెండున్నరకో జీలకర్ర బెల్లం. తలంబ్రాలయ్యేసరికి హాల్లో ఎవరుంటారు? ముసలివాళ్ళు విడిదిలో పడుకుంటారు, పిల్లలు కుర్చీల మీద అడ్డంగా పడి ఉంటారు. అప్పుడు గ్రూప్ ఫోటో అంటే అందరి మొహాలూ జ్వరమొచ్చినట్టుంటాయి. తెలంగాణ వైపు పగటి ముహూర్తాలెక్కువ. అక్కడ ఇంకో చిక్కు: మాంగల్యధారణ అవగానే భోజనాల వేళ, జనం అంతా ఒక్కసారి స్టేజీ ఎక్కుతారు.

నేను చెప్పేది, రిసెప్షన్ లైను మొదలవకముందు. కార్డులో ఏడు గంటలు అని వేస్తారు, జనం ఎనిమిదికి వస్తారు. ఇంటివాళ్ళకి మాత్రం ఆరు గంటలు అని చెప్పండి. ఆ గంట మనది. లైను ఒకసారి మొదలైందా, ఇక ఎవరినీ ఆపలేరు. ఊరి పెద్దలొస్తారు, ఆఫీసువాళ్ళొస్తారు, కవరు చేతిలో పెట్టుకుని నిలబడ్డవాళ్ళని "ఆగండి, మా మేనమామ ఫోటో ఉంది" అని ఆపే ధైర్యం ఏ తండ్రికీ ఉండదు.

ఆరింటికి అంటే పెళ్ళికూతురు కూడా ఆరింటికి ఉండాలి కదా. ఇక్కడే అంతా చెడుతుంది. మేకప్ అమ్మాయి "ఐదు నిమిషాలు" అంటుంది. మేకప్ ఐదు నిమిషాలంటే నలభై. దయచేసి ఆ అమ్మాయికి ఆరు అని చెప్పకండి, ఐదుంపావు అని చెప్పండి. ఆవిడకి అబద్ధం చెప్పినా పాపం లేదు. (నవ్వులు)

ఇంకో చిట్కా ఉంది, నిజానికి నాకు అన్నిటికంటే ఇష్టమైంది. పెళ్ళికూతుర్ని చేసిన రోజు, పెళ్ళికొడుకుని చేసిన రోజు ఉంటుంది కదా. ఇంటి ముందు పందిరి, పొద్దున్న తొమ్మిదికి మంగళస్నానాలు. ఆ పూట బయటివాళ్ళెవరూ ఉండరు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు, అందరూ ఇంట్లోనే ఉంటారు. పసుపు రాసుకుని నవ్వుతుంటారు. తాటాకు పందిరి కింద వెలుతురు మెత్తగా ఉంటుంది, ఫ్లాష్ కూడా అక్కర్లేదు. వెనక మీ ఇల్లు ఉంటుంది. మండపంలో వెనక ఉండేది అద్దె పూలు. ఇంటి ముందు తీసిన ఫోటోలో గుమ్మానికి కట్టిన మామిడాకులు కూడా మీవే. ఆ పూట అరగంట అడగండి, మీ ఫోటోగ్రాఫర్ కాదనడు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో పది రోజుల సెలవు మీద వచ్చిన పిల్లలుంటే ఇంకా మంచిది. పెళ్ళి రోజు వాళ్ళు జనంలో కలిసిపోతారు.

అక్కడ అమెరికాలో పెళ్ళిళ్ళు తీసే మన తెలుగు కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు నాతో మాట్లాడుతుంటారు. అక్కడ హాలు గంటల లెక్కన అద్దె. కాబట్టి ఏ గ్రూప్ ఎన్ని గంటలకో నిమిషాలతో సహా కాగితం మీద ఉంటుందట. మనం అంత గడియారం కొట్టినట్టు చేయలేం, చేయక్కర్లేదు కూడా. మన పెళ్ళిలో పంతులుగారి టైమే టైము. అందుకే ఆయనతో ముందే మాట్లాడుకోండి. "గురువుగారూ, ఎక్కడ ఐదు నిమిషాలు ఇవ్వగలరు?" అంటే ఆయనే చెప్తారు, స్నాతకం అయ్యాక ఇస్తాననో, తలంబ్రాలయ్యాక ఇస్తాననో. అడగకుండా మధ్యలో "ఇటు చూడండి" అంటేనే కోపం వస్తుంది. ఆ కోపంలో న్యాయం ఉంది. ముహూర్తం అంటే జీలకర్ర బెల్లం. ఆ క్షణంలో తల మీద చెయ్యి తీసి మళ్ళీ పెట్టమని అడిగే ఫోటోగ్రాఫర్లని చూశాను. మంగళసూత్రం ముడి మళ్ళీ వేయమని అడిగినవాళ్ళనీ చూశాను. నేనైతే అడగను. మిస్సయితే మిస్సయింది, అది నా చేతగానితనం.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. నాయనమ్మ ఉంటుంది. తాతయ్య పోయి ఉంటాడు. ఇంకా చాలా ఇళ్ళల్లో ఆవిడ మండపం దగ్గరికి రాదు, పసుపు కుంకుమల దగ్గర నిలబడదు. ఎవరూ వద్దనరు, ఆవిడే దూరంగా జరుగుతుంది. ఒకసారి చూశాను, హాల్లో స్తంభం వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను కెమెరా ఎత్తగానే కొంగు మొహం మీదికి లాక్కుంది. "నన్నెందుకు బాబూ, పిల్లల్ని తియ్యి."

నాకు ఆ ఆచారం నచ్చదు, ఆ మాట దాచుకోను. కానీ అక్కడ వాదించడానికి నేనెవర్ని? మైకులో పిలిస్తే నలుగురూ ఆవిడ వైపు చూస్తారు, ఇంకా ముడుచుకుపోతుంది. నేను చేసేదల్లా ముందు రోజే పెళ్ళికూతురి చెవిలో వేస్తాను. "అమ్మా, నాయనమ్మగారు స్టేజీ ఎక్కరు. నువ్వే దిగి ఆవిడ కుర్చీ దగ్గరికి వెళ్ళాలి." చాలామంది పిల్లలు వెళ్తారు. నగలన్నీ వేసుకుని, బరువు చీరతో మెట్లు దిగి వెళ్ళి ఆవిడ పక్కన నేల మీద కూర్చుంటారు. పెళ్ళికూతురే వచ్చి కూర్చుంటే ఇక ఆవిడ కాదనదు. ఆ ఒక్కదానికి మాత్రం ఫ్లాష్ వేయను, దూరం నుంచి తీస్తాను.

పోయినవాళ్ళ ఫోటో పట్టుకుని దిగేవాళ్ళు కూడా ఎక్కువయ్యారు. తండ్రి లేని పెళ్ళికొడుకు, నాన్న ఫ్రేము పక్కన పెట్టుకుని దిగుతాడు. ఎవరు పట్టుకోవాలి, ఏ ఒక్క ఫోటోలో, ముందే అనుకోండి. అప్పటికప్పుడు ఫ్రేము తెస్తే తల్లి తట్టుకోలేదు, ఇక మిగతా ఫోటోలన్నీ ఎర్రటి కళ్ళతోనే. తమ్ముళ్ళూ, ఫ్రేము అద్దాన్ని కొంచెం కిందికి వంచి పట్టుకోమనండి, లేకపోతే అందులో మీ ఫ్లాష్ కనపడుతుంది, ఆయన మొహం కనపడదు. వీడియో కాల్‌లో ఉన్నవాళ్ళని ట్యాబ్ పట్టుకుని ఫోటోలోకి తెచ్చినా అంతే. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచమనండి, ఫ్లాష్ తగ్గించండి.

పాత గొడవలు రాసుకోమన్నాను కదా. ఫోటోగ్రాఫర్‌కి గొడవేమిటో అక్కర్లేదు. ఎవరి పక్కన ఎవరు నిలబడరో చెప్తే చాలు. పొలం గట్టు దగ్గర తేడా వచ్చిన అన్నదమ్ములిద్దరిని తెలియక పక్కపక్కన నిలబెట్టి "భుజం మీద చెయ్యి వేయండి సార్" అన్నాను ఒకసారి. ఇద్దరూ చెరో వైపు దిగిపోయారు. ఇప్పుడైతే వాళ్ళమ్మని మధ్యలో కూర్చోబెట్టి, చెరో వైపు నిలబెడతాను. అమ్మ పక్కన నిలబడనని ఎవడూ అనడు. విడిపోయిన తల్లిదండ్రులుంటే రెండు వేర్వేరు గ్రూపులు, మధ్యలో వేరే గ్రూప్ ఒకటి. వాళ్ళు మెట్ల మీద ఎదురుపడకుండా.

మన కుర్రాళ్ళ కోసం పని గురించి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. రెండు మూడు వరసలున్నప్పుడు అపెర్చర్, అదే లెన్సులో వెలుతురు వచ్చే కంత, ఎఫ్ 8 దాకా మూయండి. చెప్పకుండా తీసే క్యాండిడ్ ఫోటోల అలవాటులో ఎఫ్ 1.8 దగ్గర, అంటే బాగా తెరిచి, వదిలేస్తే ముందు వరస బాగుంటుంది, వెనకున్న పెదనాన్న మసకబారతాడు. స్టేజీ చిన్నదని 24 ఎంఎం వెడల్పు లెన్సు పెట్టకండి. చివర నిలబడ్డవాళ్ళు అడ్డంగా సాగుతారు. ఆ చివర నిలబడేది ఎప్పుడూ కాస్త లావుపాటి అత్తయ్యే ఉంటుంది, ఆల్బమ్ చూశాక మీకు అన్నం పుట్టదు. వెనక్కి జరిగి 35 ఎంఎంకీ 50 ఎంఎంకీ మధ్యలో తీయండి. కుర్చీలు నాలుగు వేయించండి, పెద్దవాళ్ళని కూర్చోబెట్టండి. వెనక ఎల్ఈడీ స్క్రీన్ ఉంటే షట్టర్ స్పీడ్ పెంచినప్పుడు చారలొస్తాయి, ఒకటి తీసి జూమ్ చేసి చూసుకున్నాకే గ్రూపులు మొదలుపెట్టండి. కళ్ళజోడు వాళ్ళని గడ్డం కాస్త దించమనండి.

ఫోన్ల సంగతి. మీరు తీసేటప్పుడు కింద ముప్పై ఫోన్లు లేస్తాయి. ఫోటోలో పదిమంది పది వైపులు చూస్తారు. అరిచి లాభం లేదు. "ముందు నాది, తర్వాత రెండు నిమిషాలు మీవే" అని చెప్పి, అన్నమాట ప్రకారం పక్కకి తప్పుకోండి. ఒకసారి మాట నిలబెట్టుకుంటే రెండో గ్రూప్ నుంచి వాళ్ళే ఆగుతారు.

కళ్ళు మూసుకునే సమస్య ఉంది. దీని మీద ఆస్ట్రేలియాలో ఇద్దరు లెక్కలు కట్టారు, నిజంగా. నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అని. 2006లో ఇగ్ నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. ఇరవైమంది లోపు గ్రూప్ అయితే, వెలుతురు బాగుంటే తలల్ని మూడుతో భాగించండి, బాగా లేకపోతే రెండుతో. వచ్చినన్ని క్లిక్కులు కొడితే ఒక్కదాంట్లోనైనా అందరి కళ్ళూ తెరిచి ఉంటాయి. పదిహేనుమంది ఉంటే పగలు ఐదు, రాత్రి మండపంలో ఏడో ఎనిమిదో. నేను అంతకుముందు అందాజాగా కొట్టేవాణ్ణి, అదీ ఇంచుమించు అంతే ఉండేది. యాభైమంది దాకా వెళ్తే మాత్రం ఆశ వదులుకోవచ్చన్నారు, ఎవరో ఒకరు రెప్ప వేస్తూనే ఉంటారు.

అమ్మా, మీలో ఎవరో చెయ్యెత్తారు? ...ఆ, అడగండి. "కాగితం ఫోటోగ్రాఫర్‌కి ఎప్పుడివ్వాలి?" మంచి ప్రశ్న. ముందు రోజు వాట్సాప్‌లో పంపండి. పెళ్ళి రోజు చేతికో ప్రింటు ఇవ్వండి, ఎందుకంటే ఆ రోజు ఫోన్ చూసే టైముండదు మాకు. పేర్లొక్కటే కాకుండా పక్కన గుర్తు రాయండి. "బాబాయి, తెల్ల షర్టు" అని రాస్తే లాభం లేదు, హాలంతా తెల్ల షర్టులే. "బాబాయి, భోజనాల దగ్గర ఉంటారు" అని రాయండి. వెళ్ళి పట్టుకొస్తాం.

సరే, టిఫిన్లు రెడీ అంటున్నారు. ముందు ఒక గ్రూప్ దిగుదాం. పెద్దవాళ్ళు ఈ కుర్చీల్లో, మిగతావాళ్ళు మెట్ల మీద. మనం అరవైమంది దాటాం, కాబట్టి కళ్ళ గురించి బెంగ పెట్టుకోకండి, ఎవరో ఒకరు మూస్తారు. ఏరా, కెమెరా నువ్వు పట్టుకో. ఆగు, ఆగు. వెనక ఉప్మా వడ్డించడానికి నిలబడ్డ ఆ ఇద్దరున్నారే, వాళ్ళని పిలు. రారు, "తర్వాత" అంటారు. వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకురా.